రేవు దాకా

తైమి జుట్టు ఎడమవైపు దువ్వి, దువ్వెన ఒళ్లో పెట్టుకుంది. కుడివైపు దువ్వాలంటే చేతులకు కాస్త విశ్రాంతి కావాలి. రాత్రంతా పడుకుని లేచినా ఒళ్లు నీళ్లలో నానిన దుంగలాగే ఉంది. తెర సందులోంచి సరస్సు వెలుగు వచ్చి పైకప్పు మీద మెల్లగా ఊగుతోంది. చూస్తూ ఉంటే నిద్రో మెలకువో తెలియడం లేదు.

ఒకప్పుడు సైకిల్ మీద ఊరంతా ఉత్తరాలు పంచిన మనిషి. ఒక చలికాలం జ్వరం వచ్చి తగ్గింది. అలసట మాత్రం ఉండిపోయింది. రక్తంలో ఏ లోపమూ లేదన్నారు డాక్టర్లు. బయట తిరిగితే అదే పోతుందన్నాడు మొగుడు. ఆ మాట నమ్మి తిరిగినప్పుడల్లా వారాల తరబడి మంచం పట్టింది. అతను విడిచి వెళ్లాక, అలసట రాకముందే ఆగిపోవడం నేర్చుకుంది. ఇప్పుడు పక్కమీద వాలి జాలర్ల వలలు బాగుచేస్తుంది. వలకు నాలుగు కళ్లు అల్లి, తన కళ్లు మూసుకుంటుంది.

ఆ వలలు తెచ్చేది పొరుగింటి ఉర్హో. ఎనభై దాటిన ముసలాయన. నయమైందా అని ఏనాడూ అడగలేదు. గుమ్మంలో కూర్చుని, ఆ పూట ఏ చేప తనను మోసం చేసిందో చెప్పి పోతాడు. చూపు మందగించిందని, ఇక తన దగ్గరే ఉంచుకుంటానని ఆయన్ను కూతురు ఇవాళ ఔలు పట్నానికి తీసుకుపోతోంది. రేవుకు రావద్దు, కిటికీలోంచి చెయ్యి ఊపితే చాలని నిన్ననే చెప్పాడు.

తైమి కుడివైపు దువ్వలేదు. వల ముట్టలేదు. ఉన్న కాస్త శక్తీ కాళ్లకే దాచి, మధ్యాహ్నం గుమ్మం దిగింది. దారిలో బర్చ్ చెట్టు కనిపించిన చోటల్లా కూర్చుంది. రేవు చేరేసరికి ఉర్హో పడవ ఎక్కబోతున్నాడు. ఆమెను చూసి, తొడుక్కున్న ఉన్ని స్వెట్టర్ విప్పి రేవు తడి చెక్కపలకల మీద పరిచాడు. ఆమెను కూర్చోబెట్టి తనూ పక్కన కూలబడ్డాడు.

“రావద్దన్నానా అమ్మాయ్. రేపు లేవలేవు.”

“లేవలేను బాబాయ్. ఎల్లుండీ లేవలేను. అయినా వచ్చాను.”

“ఈ ముసలి మొహం కోసం ఇంత తంటాలా?”

“సగం తలే దువ్వుకొచ్చాను. మరీ మురిసిపోకు.”

ఉర్హో నవ్వాడు. ఆ తర్వాత ఇద్దరూ నీళ్లను చూస్తూ కూర్చున్నారు. పడవలో కూర్చున్న కూతురు తొందరపెట్టలేదు. చివరికి ఆయనే లేచి, ఆమె తలమీద చెయ్యి ఉంచి, పడవ ఎక్కాడు.

ఇంజను చప్పుడు దూరమై ఆగిపోయాక కూడా తైమికి వినిపిస్తూనే ఉంది. స్వెట్టర్ మీద తల ఆనించి పడుకుంది. జూన్ నెల, ఈ ఉత్తరపు కొసన రాత్రైనా చీకటి పడదు. ఆకాశం పాలరంగుకు తిరిగాక కాళ్లు ఇంటిదాకా మోస్తాయనిపించింది. స్వెట్టర్ అందుకోబోయి, ఆ బరువు కూడా తనవల్ల కాదని తెలిసి, వదిలేసి నడిచింది.

రేవు పలకల మీద అది అలాగే ఉంది, చేపల వాసనతో, ముసలాయన మోచేతుల వంపు ఇంకా పోకుండా.