సిరుగుప్ప చీటీ

"ఆ గంపెడు కండెలు సుట్టేలోపల చీటీ వస్తాది లే," అన్నాడు మా ఆయన ఆదెప్ప, మగ్గం గుంటలోకి కాళ్ళు దింపుకుంటూ.

ఆ మాట రెండు నెలలుగా వింటున్నాను. రాట్నం తిప్పుతూనే తలూపాను. ఎమ్మిగనూరులో చీర నేసేది మగవాడే అంటారు. నేతగాళ్ళ సొసైటీ పుస్తకంలో ఆయన పేరే ఉంటుంది. నూలు నానబెట్టి, గంజి పట్టించి, ఆరబెట్టి, కండెలు చుట్టి చేతికందించేది నేను. ఎవరైనా అడిగితే మాత్రం, "మా ఇంట్లో ఆడది ఊరికే కూర్చోని ఉంటాది" అంటాడు. కూర్చునే ఉంటాను, అది నిజమే. తెల్లారింది మొదలు పొద్దు గూకేదాకా రాట్నం ముందు.

కిందటి అక్టోబరులో మా బళ్ళారి జిల్లాను పంచారు. ఎమ్మిగనూరు, ఆదోని ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చాయి. నా చెల్లెలు హులిగమ్మ అత్తవారి ఊరు సిరుగుప్ప మైసూరులోకి పోయింది. అంతకుముందు పొద్దున బస్సెక్కితే పొద్దు వాలకముందే దాని ఇంట్లో ఉండేదాన్ని. "ఇప్పుడు అది వేరే రాజ్యం. కచేరీలో చీటీ రాపిచ్చుకోవాల. లేకుంటే పొలిమేర గడి కాడ దించేస్తారు. ఆడమనిషివి, ఏం జేస్తావు?" అన్నాడు మా ఆయన. నమ్మాను. మా అత్త సుంకులమ్మ పుట్టిల్లు తుంగభద్ర అవతల. నిజాము కాలంలో రేవు దగ్గర మూటలు విప్పించి చూసేవాళ్ళని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. రాజ్యం మారితే దారి మూసుకుంటుందని నేను నేర్చుకున్నది ఆమె నోటినుంచే.

చీటీ రాసే గుమాస్తాకు తీపి ఇష్టమన్నాడు. మూడుసార్లు ఓళిగలు చేసి మూట కట్టి ఇచ్చాను. మూడోసారి నాకు ఒళ్ళు కాలిపోతున్న జ్వరం. రుబ్బురోలు ముందు కూర్చుంటే పొత్రం రెండుగా కనబడింది. అత్త అరుగు మీదనుంచి కదల్లేదు. "నీ చెల్లెలి కోసమే గదా, నువ్వే రుబ్బుకో," అంది. రుబ్బాను. హులిగమ్మకు ఇప్పుడు మూడో కానుపు. మొదటి రెండుసార్లూ బిడ్డలు దక్కలేదు. రెండోసారి దాని ప్రాణం మీదికే వచ్చింది. మా అమ్మ లేదు. దాని తల ఒళ్ళో పెట్టుకుని ఒక రాత్రీ ఒక పగలూ కూర్చున్నది నేనే.

ఆ రోజు పొద్దున్నే ఆదెప్ప సొసైటీకి పోయాక హులిగమ్మ కార్డు వచ్చింది. కన్నడ అక్షరాలు. నాకు తెలుగైతే కూడబలుక్కుంటాను గానీ కన్నడం రాదు. వీధి చివర ఉండే సుభద్రమ్మ టీచరు దగ్గరికి పరుగెత్తాను. ఆమె భర్త పోయి చాలా కాలమైంది, ఒక్కతే ఉంటుంది. వాకిట్లో కూర్చుని వారపత్రిక చదువుతోంది. కార్డు తీసుకుని చదివి తెలుగులో చెప్పింది. "అక్కా, నెలలు నిండినాయి. కాళ్ళకు నీరొచ్చింది. నువ్వు వస్తావని దినామూ బస్సు కాడికి మనిషిని పంపిస్తాండాను."

"ఇంకా పోలేదేం, ఉరుకుందమ్మా?" అంది టీచరు.

"చీటీ రాల్యా టీచరమ్మా. కచేరీలో పెట్టుకున్నాము."

ఆమె నవ్వింది. నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. చేతిలో ఉన్న పత్రిక నా ముందుకు తిప్పింది. "ఈడ సూడు. నార్వే, స్వీడను, డెన్మార్కు. యూరపులో పక్కపక్క దేశాలు. ముగ్గురు రాజులు, మూడు జెండాలు. వాళ్ళ జనం ఒకరి దేశంలోకి ఒకరు పోవాలంటే ఇప్పుడు పాస్‌పోర్టు కూడా అక్కర్లేదంట. రొట్టె కట్టుకుని రైలెక్కేదే. మనదంతా ఒకటే దేశం, మనకేం చీటీ? పోయిన నెల నేను బళ్ళారికి పోయొచ్చినా. నన్నెవరూ అడగల్యా. ఎవరు సెప్పినారు నీకు?"

కోపం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సిగ్గు. ఆ ఓళిగలు ఎవరు తిన్నారు? ఏ అరుగు మీద కూర్చుని, ఏమని చెప్పుకుని నవ్వుతూ తిన్నారు? ముగ్గురు రాజులు అడగడం మానుకున్నదాన్ని ఒక మగ్గం యజమాని అడుగుతున్నాడు.

సుభద్రమ్మ నా చెయ్యి పట్టుకుని దారి అంతా చెప్పింది. పది గంటల బస్సుకు ఆదోని. అక్కడ రెండు గంటలకు సిరుగుప్ప బస్సు, అది తప్పితే మర్నాడే. ముందు వైపు కూర్చుంటే కడుపులో తిప్పదు. రెండు రొట్టెలు, నీళ్ళ చెంబు, పాత మెత్తటి గుడ్డలు నాలుగు.

ఇంటికొచ్చి మూట కట్టే బదులు రాట్నం ముందు కూర్చున్నాను. అలవాటు! ఆయన ఆదోని పోవాలంటే చెప్పులు తొడుక్కుంటే చాలు. నేను గడప దాటాలంటే పది రోజుల కండెలు చుట్టాలి, పిండి విసరాలి, ఇద్దరికీ పచ్చడి నూరి పెట్టాలి. ఆరో కండె సగంలో చెయ్యి ఆగిపోయింది. ఇదీ చీటీయే కదా, నా చేత్తో నేను రాసుకుంటున్నది! లేచి గుడ్డలు వెతుక్కున్నాను.

మూట ముడి వేస్తుండగా ఆయన నూలు కట్టతో వచ్చాడు.

"యాడికి?"

"సిరుగుప్పకు."

"చీటీ రాల్యా గదా."

"ఆ గుమాస్తా పేరేంది? సెప్పు, దావలోనే గదా కచేరీ, నేనే అడిగి పోతా."

ఆయన నూలు కట్ట దించి, మళ్ళీ ఎత్తి, ఇంకోచోట పెట్టాడు. "ఆ టీచరమ్మ ఎక్కిచ్చిందా? పేపర్లు సదువుకునేదానికి సంసారం సంగతి ఏం తెలుసు? నువ్వు పోతే కండెలు ఎవరు సుడతారు? మగ్గం ఎట్ల ఆడతాది?"

రెండు నెలల్లో ఆయన చెప్పిన మొదటి నిజం అదే.

"ఆ మాటే ముందు సెప్పింటే అయిపోయేది గదా."

"సెప్పింటే ఆగుతాంటివా?"

ఆగేదాన్ని కాదు. తన మాటకు ఆగననీ, సర్కారు మాటకైతే ఆగుతాననీ ఆయనకు తెలుసు. పదేళ్ళ కాపురంలో నన్ను అంత బాగా అర్థం చేసుకున్నాడని నాకు తెలియదు.

అత్త గడపకు అడ్డంగా కూర్చుంది. "కని ఎరగనిదానివి, కానుపు కాడ నీకేం పనే?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. మూట మాత్రం చేతిలోంచి జారలేదు. "ఈ చేతుల్తోనే దాన్ని బతికిచ్చుకున్నా అత్తా. జరుగు," అన్నాను. బస్సు హారను వీధి అవతల వినబడింది. ఆమె కొడుకు ముఖం చూసి, నా ముఖం చూసి, మోకాళ్ళు ముడుచుకుంది.

"పో," అన్నాడు ఆదెప్ప వెనకనుంచి. "పోతే పో. మళ్ళా ఈ ఇంట్లోకి వచ్చేది నేను ఒప్పుకుంటేనే."

వీధిలోకి దిగి తిరిగి చూశాను. "నువ్వు ఒప్పుకునేది తర్వాత. రావాల్నో వద్దో ముందు నేను ఆలోచన జేసుకోవాల."

బెదిరించడానికే అన్నాననుకున్నాను. బస్సు ఆదోని రోడ్డెక్కాక తెలిసింది, నిజంగానే ఆలోచిస్తున్నానని.