వాగులో కొత్త బండ

సుత్తితో ఒక్కసారి తట్టి, రాయి లోపల పగులుందో లేదో చెప్పేసేవాడు మేస్త్రి. రాళ్ళ మాట అంత బాగా వినేవాడికి మనుషుల మాట మాత్రం ఓ పట్టాన చెవికెక్కేది కాదు.

కాలుష్యం ఆఫీసు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ మాటా అంతే అయింది. రాయి కోసే రంపం కింద పారే మడ్డినీళ్ళు వాగులోకి వదలొద్దని, షెడ్డులో గుంట తవ్వి మడ్డిని అడుగున పేరనిచ్చి, తేటనీళ్ళే బయటికి పంపమని ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకుంది.

"ఉన్న కాస్త చోటులో గుంట తవ్వితే రంపం నా నెత్తిన పెట్టుకోనా? మేం వదిలేది రాతిపొడీ నీళ్ళే కదమ్మా. రెండూ నేలలోంచి వచ్చినవే" అన్నాడు మేస్త్రి. తాతల నాటి పనికి ఎవరైనా వంక పెడితే ఆయనకు ఒళ్ళు మండేది.

షెడ్డుకు దిగువన, వాగు ఒడ్డునే మేస్త్రి అక్క కూరగాయల తోట ఉంది. భర్త పోయాక ఆమెకున్న ఆధారమల్లా ఆ తోట, అందులోని బావి. వానలు బాగానే కురిసినా ఈసారి బావిలో ఊట పడలేదు. పాదులు వాడిపోతుంటే, ఇక తోట అమ్మేసుకుని పోతానంది. చివరి ఆశగా ఎండిన వాగులో చెలమ తీయించబోతే గునపం దిగలేదు. బండ అడ్డుపడిందన్నారు కూలీలు. ఆమె తమ్ముడికి కబురు పెట్టింది.

"ఇక్కడ బండేమిటక్కా? ఉంటే నేనెప్పుడో కోసి అమ్ముకునేవాణ్ణి" అని నవ్వుతూ వాగులోకి దిగాడు మేస్త్రి. అక్క నవ్వలేదు.

సుత్తితో తట్టి చెవి ఆనించాడు. మంచి రాయి ఖంగుమంటుంది. ఇది నోట్లో గుడ్డలు కుక్కినట్టు మూలిగింది. బుద్ధెరిగాక ఆయన ఇలాంటి రాయిని వినలేదు. ఉలి పెట్టి ఒక పెళ్ళ లేపాడు. దాని అంచును వెలుగుకు తిప్పి చూశాడు.

అన్నీ పొరలే. అడుగున నలుపు, దానిమీద ఎరుపు, మళ్ళీ నలుపు. తన షెడ్డులో కోసిన రాళ్ళే, కోసిన వరసలోనే. ఏళ్ళ తరబడి వదిలిన మడ్డి పేరి, ఎండి, వాగు అడుగంతా గచ్చులా పరుచుకుపోయింది. నీళ్ళు నేలలోకి ఇంకి బావికి చేరే దారి లేదు. ఆ పొరల నడుమ సన్నటి తెల్లగీత ఒకటి కనిపించింది. తెల్లరాయి ఆయన ఒక్కసారే కోశాడు. బావ పోయినప్పుడు ఏడుస్తూ ఆ రాతితోనే బావ విగ్రహం చెక్కాడు. అది ఇప్పటికీ అక్క బావి పక్కనే ఉంది.

"ఏం రాయిరా అది?" అంది అక్క.

పెళ్ళను ఆమె చేతిలో పెట్టాడు.

"నా షెడ్డులోదే అక్కా. నేనే పోశాను." తెల్లగీత మీద వేలు ఆనించాడు. "ఇది బావది."

అక్క ఆ గీతను బొటనవేలితో తడిమింది. తిట్టినా బాగుండేది.

"పగులుతుందా?" అని మాత్రం అడిగింది.

మేస్త్రి షెడ్డుకు ఫోన్ చేశాడు. రంపం ఆపి, దాన్ని ఊడదీసి, అది ఉన్నచోటే గుంట తవ్వమన్నాడు. తర్వాత ఉలి తీసుకుని, అక్క కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, తాను పోసిన బండను పగలగొట్టడం మొదలుపెట్టాడు.