గద్ద చెవులు

నది రెండోసారి పొంగిన ఏడు అది. మొదటి వరదకి పాత వంతెన పోయింది. రెండో వరదకి మంచు హాలు కింద యంత్రాల గది మునిగింది. యంత్రాలు లేనిదే హాల్లో నీళ్లు గడ్డకట్టవు. అందుకని ఆ చలికాలం ఎల్వ్‌నేస్ ఊరి మంచు హాకీ జట్టు బడి వెనక మైదానంలో నీళ్లు పోసి, చలికి వదిలేసి, ఆ మంచు మీదే ఆడింది. చుట్టూ చెక్క గోడ, నాలుగు స్తంభాలకి దీపాలు. అంతే.

ఆ ఏడే ఏవెర్ట్ స్టెన్వాల్ కోచ్ అయ్యాడు. ఈ ఊళ్లోనే ఆట మొదలుపెట్టి, దక్షిణాన పెద్ద జట్టులో చాలా ఏళ్లు ఆడి, దేశపు జట్టు పసుపు చొక్కా కూడా తొడుక్కుని, మోకాళ్లు అరిగాక ఇంటికొచ్చిన మనిషి. వెనక వరసలో, గోల్‌కీపరుకి ముందు నిలబడి దాడుల్ని ఆపేవాడు. అవతలివాడు రబ్బరు బిళ్లని ఎటు పంపబోతున్నాడో, పంపకముందే ఏవెర్ట్ అక్కడుండేవాడు. పేపర్లవాళ్లు అతనికి గద్ద అని పేరు పెట్టారు. ఏం కళ్లు అన్నారు. అతనూ అదే అనుకున్నాడు.

ఇప్పుడు తన చోట మాల్తె అనే కుర్రాడు ఆడుతున్నాడు. బలం ఉంది, వేగం ఉంది. కానీ ప్రతిసారీ రెప్పపాటు ఆలస్యం.

"చూడరా," అన్నాడు ఏవెర్ట్.

"ఏం చూడాలి?"

"వాణ్ణి చూడు."

"చూస్తూనే ఉన్నాగా, ఏవెర్ట్. వాడిలో ఏం చూడాలి? కళ్లా, కర్రా, మోకాలా?"

ఏవెర్ట్‌కే తెలియదు. ఇన్నేళ్లు చేసిన పని ఎలా చేశాడో తెలియదు.

క్లబ్బు పెద్ద గున్‌బ్రిట్. బడి వంటశాలలో గరిటె తిప్పే చేత్తోనే క్లబ్బునీ తిప్పేది. ఒకరోజు అతని ముందు కాఫీ పెట్టి సూటిగా చెప్పింది. "శనివారం ఆఖరి ఆట. ఓడామా, పోటీల్లో కింది తరగతి జట్లలోకి పోతాం. అప్పుడు దక్షిణాది నించి వేరే కోచ్‌ని తెస్తామంటున్నారు మనవాళ్లు. నేను ఆపలేను."

"ఊఁ," అన్నాడు ఏవెర్ట్.

"ఊఁ ఏంటయ్యా? ఆ పిల్లాడికి నీ విద్య నేర్పవా?"

"నేర్పుతా. ముందు నాకు తెలియాలి."

మర్నాడు కారేసుకుని కొత్త వంతెన మీదుగా నది అవతలికి పోయాడు. అక్కడ సిక్స్తెన్ ఉంటాడు. దుంగల లారీ నడుపుతాడు. ఒకప్పుడు అవతలి జట్టులో ముందుండి ఆడేవాడు. ఇద్దరూ ఒకరినొకరు చెక్క గోడకేసి కొట్టుకున్న లెక్క ఎవరి దగ్గరా లేదు.

"ఒరేయ్, నువ్వు బిళ్ల వదిలేముందు నేను నీలో ఏం చూసేవాణ్ణి?"

సిక్స్తెన్ పై పెదవి కింద ఇరికించుకున్న చిన్న పొగాకు పొట్లం సర్దుకుని పెద్దగా నవ్వాడు. "నన్నా? ఎప్పుడు చూశావురా నువ్వు నన్ను? తలకాయ కిందికేసుకుని ఆడేవాడివి. అదే కదా మా కడుపుమంట! కన్నెత్తి చూడకుండా బిళ్ల లాక్కుపోయేవాడివి. గద్దంట, గద్ద!"

ఏవెర్ట్ దారంతా దీని గురించే ఆలోచించాడు. చూడకపోతే మరి ఏం చేసినట్టు?

సాయంత్రం జట్టు సాధన చేస్తోంది. చలి ముదిరింది. ఏవెర్ట్ మైదానానికి వీపు పెట్టి, ఫ్లాస్కులోంచి కాఫీ వంచుకుంటున్నాడు. ఉన్నట్టుండి "ఎడమకి పంపాడు" అనుకున్నాడు. తిరిగి చూశాడు. బిళ్ల ఎడమకే పోయింది. కాఫీ చేతి మీద ఒలికినా పట్టించుకోలేదు. మళ్లీ వీపు తిప్పి నిలబడ్డాడు. స్కేట్లు మంచుని కోస్తున్నాయి, కర్ర్, కర్ర్. చప్పుడు ఆగింది. అప్పుడు బిళ్ల కదిలింది. ఇంకోసారి విన్నాడు. బిళ్ల వదిలేవాడు ముందు కాళ్లాడించడం ఆపుతున్నాడు. ఆగేముందు గట్టిగా తోసిన కాలు ఏదైతే, బిళ్ల దాని ఎదుటి పక్కకి పోతోంది.

"మాల్తె, ఇలా రా. టోపీ కళ్ల మీదకి లాక్కో."

"ఎందుకు?"

"విను."

రెండు రోజులు కుర్రాడు కళ్లు మూసుకుని మంచు మీద నిలబడ్డాడు. తోటివాళ్లు "గుడ్డి గద్ద" అని ఏడిపించారు. మూడో రోజుకి పది బిళ్లల్లో ఆరు ఎటు పోతాయో ముందే చెప్పాడు. ఏడిపించడం మానేశారు.

శుక్రవారం ఏవెర్ట్‌కి ఇంకో సంగతి తట్టింది. ఆటకి ఊరంతా వస్తుంది. కేకలేస్తుంది. ఆ గోలలో ఎవరికి ఏం వినపడుతుంది? గున్‌బ్రిట్ దగ్గరికి పోయాడు.

"జనాన్ని నోరు మూసుకోమను."

"ఆటకొచ్చి నోరు మూసుకోవాలా?"

"ఊఁ."

శనివారం ఆమె మైకు పట్టుకుంది. "ఇవాళ ఎవరూ నోరు మెదపొద్దు. చప్పట్లూ వద్దు. మన ఏవెర్ట్ అడిగాడు."

వెనక నించి ఓ ముసలాయన, "మేమెప్పుడు మెదిపాం గనక!" అన్నాడు. అందరూ నవ్వారు. తరవాత నిజంగానే ఊరుకున్నారు. మంచులో భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు, ఊపిరి ఆవిరవుతోంది, మాట లేదు. పై ఊరి జట్టుతో వచ్చినవాళ్లు కాసేపు డోలు కొట్టారు. ఇంతమంది కిమ్మనకుండా తమనే చూస్తుంటే సిగ్గేసి డోలు కింద పెట్టారు.

ఆట ఆఖరికి చెరి రెండు గోల్స్. సమంగా ముగిసినా చాలు, ఎల్వ్‌నేస్ నిలుస్తుంది. అవతలివాళ్లు ముగ్గురు ఒక్కసారి దూసుకొచ్చారు. ఎదురుగా మాల్తె ఒక్కడే. కుర్రాడు తల కిందికేసుకున్నాడు. గోడ అవతల ఏవెర్ట్ కూడా కళ్లు మూసుకున్నాడు. కర్ర్, కర్ర్. కుడికాలు గట్టిగా తోసింది. చప్పుడు ఆగింది.

'ఎడమకి,' అనుకున్నాడు ఏవెర్ట్.

కళ్లు తెరిచేసరికి మాల్తె ఎడమ పక్కనున్నాడు. బిళ్ల అతని కర్ర కిందుంది. గంట మోగింది. అప్పుడూ జనం అరవలేదు. మాట తప్పడం ఇష్టం లేక చేతి తొడుగులతో చెక్క గోడని మెల్లగా తట్టారు. గున్‌బ్రిట్ వచ్చి, "దక్షిణాదివాణ్ణి రావద్దని చెబుతా" అంది.

"ఊఁ," అన్నాడు ఏవెర్ట్. కానీ కళ్లలో నీళ్లున్నాయి.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే చిన్నపిల్లలకి మంచు మీద నడక నేర్పుతారు. ఊతానికి కుర్చీలు తోసుకుంటూ, పడుతూ, ఏడుస్తూ తిరుగుతారు. ఏవెర్ట్ ఎన్నడూ అటు పోయినవాడు కాదు. ఆవేళ పోయి, వాళ్లకి వీపు పెట్టి నిలబడి, ఎవరు ఎటు పడతారో చెవులతో పట్టాలని చూశాడు. ఒక్కరిదీ అందలేదు. ఫ్లాస్కు మూత తీసి కాఫీ పోసుకుని, మధ్యాహ్నం దాకా అక్కడే వింటూ ఉండిపోయాడు.