నాలుగు టైర్లు, రెండు ఒట్లు

ఔనీ మడమెత్తి చక్రాన్ని ఇంకోసారి తన్నాడు. తుప్పు పట్టిన చక్రం కదల్లేదు. సమ్మెట అందుకుని, మధ్యలో చెక్కముక్క అడ్డం పెట్టి, "వస్తావా చస్తావా" అంటూ బాదడం మొదలుపెట్టాడు. చివరికి అది ఊడి అతని కాళ్ళ మీదికే దొర్లింది. దాని పుట్టుక మీద ఓ బూతు విసిరి పక్కకి నెట్టాడు.

అమ్మాన్ నగరంలో మార్కా పేటలో ఆ వీధికి పొద్దున్నే వినిపించేవి సమ్మెట దెబ్బలు, గాలి యంత్రం రొద, ఆ రెంటినీ మించి ఔనీ తిట్లు. టైర్ల పని మర్యాదగా సాగే పని కాదు. అంచు వదలని టైరుని ఇనప పట్టీతో చీల్చినట్టు పీకాలి. కొత్తది ఎక్కించి గాలి కొడితే తుపాకీ పేలినట్టు మోగి గాని కుదురుకోదు. ముప్పయ్యేళ్ళుగా ఈ కొట్లాటలోనే ఉన్న ఔనీ ఒళ్ళూ అలాగే తయారైంది. కుడి భుజం ఎడమదానికన్నా కిందికి జారింది. బొటనవేలి గోరు ఎప్పుడో నలిగి ఊడిపోయి, మళ్ళీ వంకరగా మొలిచింది. అంత పెద్ద భుజాల మధ్య మొహం మాత్రం చిన్నది, ఎవరిదో అరువు తెచ్చి పెట్టినట్టుంటుంది.

నోటి దురుసే గాని అతను ఎవరి మీదా చెయ్యి చేసుకున్నవాడు కాదు. కోపమంతా ఇనుము మీదా రబ్బరు మీదా తీరిపోయేది. మిగిలింది ఒట్లుగా బయటికొచ్చేది. అక్కడి మగవాళ్ళందరికీ ఉన్న తెగులే అది. మాట నెగ్గించుకోవాలంటే పెళ్ళాన్ని పణం పెడతారు. "నువ్వు టీ తాగకుండా వెళ్తే నా భార్యకి తలాక్" అని అతిథి మర్యాద కూడా చేస్తారు. ఆ ఉదయం వాన పట్టింది, గొడుగు తీసుకెళ్ళమంటే, "ముట్టుకుంటే నీకు తలాక్" అన్నాడు ఔనీ.

భార్య ఇంతిసార్ రొట్టె మడతపెడుతూ తలైనా ఎత్తలేదు. "నీ ఒట్లన్నీ లెక్కకొస్తే పెళ్ళినాటి సాయంత్రమే పుట్టింటికి పోయుండేదాన్ని, అబూ గస్సాన్. తడుచుకుంటూ పో," అంది. అబూ గస్సాన్ అంటే గస్సాన్ తండ్రి; ఔనీని మర్యాదగా పిలవాలంటే అందరూ అలాగే అంటారు.

తడుచుకుంటూనే వచ్చాడు.

వాన వడగళ్ళలోకి తిరిగే వేళకి తెల్ల కరెంటు కారొకటి వచ్చి దుకాణం గుమ్మంలో ఆగింది. వచ్చిన సంగతే తెలీలేదు. "చప్పుడు చెయ్యకుండా వచ్చేవాణ్ణి నమ్మకూడదు," అని గొణుక్కుంటూ లేచాడు ఔనీ. కారు దిగినవాడి పేరు సకర్. ముప్పయ్యేళ్ళుంటాయి, అద్దెకి కారు తోలుకునేవాడు. భుజాల మీద ఎర్ర గళ్ళ తలగుడ్డ. వెనక సీట్లో వాడి తల్లి, గడ్డం మీద పాతకాలపు పచ్చబొట్టుతో, ఒళ్ళో మూట పెట్టుకుని కూర్చుని ఉంది.

"బాబాయ్, నాలుగూ మార్చెయ్యి, త్వరగా. అఖబా పోవాలి, మూడొందల కిలోమీటర్ల పైమాటే. చెల్లికి నొప్పులొస్తున్నాయట, తొలి కాన్పు."

ఔనీ కూర్చుని టైరు మీద అరచెయ్యి రాశాడు. గాళ్ళన్నీ అరిగి నున్నగా అయిపోయాయి. ఒకచోట లోపలి తీగ బయటికొచ్చి వేలికి గుచ్చుకుంది.

"పచ్చలైటు పడగానే గుర్రంలా దూకిస్తావు కదూ?"

"కారుకి జోరెక్కువ బాబాయ్. తొక్కీతొక్కకముందే దూకుతుంది. నేనేం చెయ్యను?"

"నీ కాలికి బుద్ధి చెప్పు. అవిగో, పై వరసలో ఉన్నవి. కరెంటు కార్ల కోసమే చేసినవి. గోడ మందం, రబ్బరు మెత్తన. తడి రోడ్డుని కరిచి పట్టుకుంటాయి."

సకర్ అటు చూడనైనా చూడలేదు. "అవొద్దు. మెత్తవి వేస్తే కరెంటు తాగేస్తాయి. ఫోన్లో ఒకాయన అన్నీ విప్పి చెప్పాడు. సన్నవి, గట్టివి వేస్తే ఒక్క చార్జితో అఖబా చేరొచ్చట. అవి వెయ్యి," అని మూలన నల్లరంగు పూసి నిగనిగలాడుతున్న పాత టైర్లు చూపించాడు. ఓ చిన్న పెట్రోలు కారు నుంచి విప్పినవి అవి.

"దారిలో ఖత్రానా దగ్గర ఆగి చార్జి పెట్టుకో. ఓ గంట పడుతుంది, అంతేగా."

"ఆ గంట మా చెల్లి ఆగుతుందా? కడుపులో పిల్ల ఆగుతుందా?"

"ఒరే అబ్బాయ్, నీ కారు కింద బ్యాటరీయే రెండు గాడిదల బరువు. ఇవి పిల్ల కారుని మోసినవి. దీని పక్కన ఈ అంకె చూడు, మోసే బరువు ఇంతే అని రాసి ఉంది. పైగా తయారై తొమ్మిదేళ్ళయింది. రబ్బరు కాదు, రాయి. ఎడారి రోడ్డు మీద వాన పడితే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా?"

లోపల కిరసనాయిలు పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటున్న దుకాణం యజమాని హాజీ ఖలఫ్ గట్టిగా దగ్గాడు. ఆ పాత టైర్లు ఎప్పుడు కదులుతాయా అని ఎదురుచూస్తున్న మనిషి. "ఎక్కించెయ్యి ఔనీ. అడిగింది ఇవ్వడం మన పని. బుద్ధులు చెప్పడానికి మసీదుంది."

సకర్‌కి బలం వచ్చింది. గుమ్మం మధ్యలో నిలబడి చెయ్యెత్తాడు. "ఆ టైర్లు ఎక్కకుండా ఈ కారు ఇక్కణ్ణుంచి కదిలితే నా భార్యకి తలాక్!"

ఔనీ కారులోకి చూశాడు. ముసలామె మూట మీద గడ్డం ఆనించి కునికిపాట్లు పడుతోంది. కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు, వాటిమీద ప్లాస్టిక్ చెప్పులు. ఆ మనిషి ఆ మూటతో సహా రోడ్డు పక్క రాళ్ళలోకి దొర్లడం అతని కళ్ళకి కట్టింది. భయం వేసింది. భయం వేస్తే ఔనీకి వచ్చేది కోపమొక్కటే.

"నా ఊపిరుండగా అవి ఈ కారుకి ఎక్కితే ఇంతిసార్‌కి మూడు తలాకులు!"

గాలి యంత్రం దగ్గరున్న ఈజిప్టువాడు షాబాన్ చేతిలో గొట్టం వదిలేశాడు. వీధిలో నిలబడి ఇంటామె పేరెత్తడం అక్కడ బూతుకన్నా పెద్దమాట. ఔనీ భార్య పేరు ఇంతిసార్ అని ఆ దుకాణంలో ఎవరికీ ఇన్నేళ్ళలో తెలీదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఇక్కడ మొండివాళ్ళు ఇద్దరయ్యారు.

"నువ్వు ఎక్కించకపోతే నేనే ఎక్కించుకుంటా," అని సకర్ మూలకి పరిగెత్తి టైరు లాగాడు. ఔనీ రెండోవైపు పట్టుకున్నాడు. ఇద్దరూ దాన్ని లాక్కుంటూ వీధిలోకొచ్చి పడ్డారు. వడగళ్ళు వీపుల మీద టపటప కొడుతున్నాయి. సకర్ మోకాలితో అతని పొట్టలో పొడిచాడు. ఔనీ వాడి తలగుడ్డ పట్టుకుని మెడ వంచి బురదలో కుదేశాడు. ముప్పయ్యేళ్ళు టైర్లని పడగొట్టిన చేతులవి, మనిషి ఏపాటి? కాని పైకి లేవనిచ్చాడు. అదే తప్పయింది. లేచినవాడు చేతికందిన ఇనప పట్టీ తీసి, కళ్ళు మూసుకుని విసురుగా కొట్టాడు. అది ఔనీ చెవి పైన తగిలింది.

చప్పుడు చిన్నదే. ఔనీ టైరు మీద కూర్చుండిపోయాడు, ఎవరో కూర్చోమన్నట్టు.

ముసలామె ఎప్పుడు దిగిందో ఏమో, చెప్పు తీసుకుని కొడుకు వీపు వాయించేస్తోంది. "నీ చెయ్యి విరగ! నీ తండ్రి ఈడువాణ్ణి కొడతావా! నువ్వు తాగిన పాలు నా రొమ్ములోనే విషం కాకపోయాయేం!" సకర్ అడ్డం పెట్టుకోలేదు. పట్టీ జారవిడిచాడు.

"పట్టు, తల పట్టుకుని ముద్దు పెట్టుకో. క్షమించమని అడుగు!" అని అరిచింది తల్లి.

వాడు మోకాళ్ళ మీద కూలబడి ఔనీ నుదురు ముద్దుపెట్టుకున్నాడు. "తప్పయింది బాబాయ్. సైతాను ఎక్కింది. తప్పయింది." ఏడ్చేశాడు.

"నాయనా, అందరూ వినేలా చెప్పు," అంది ముసలామె. ఆమె గొంతులో ప్రాధేయపాటు ఉంది. నెత్తురు కళ్ళజూస్తే ఆ నేల మీద అది ఇద్దరి మధ్య ఆగదు. కులపెద్దలు రావాలి, పగ తీర్చుకోకుండా ఆగమని గడువులడగాలి, ఒక్కోసారి కొట్టినవాడి ఇంటిల్లిపాదీ ఊరొదలాలి.

ఔనీ చెవి పైన చెయ్యి పెట్టి చూసుకున్నాడు. నెత్తురు కొంచెమే. "అల్లా కోసం వదిలేశాను. నా తరఫున గాని, నా వాళ్ళ తరఫున గాని ఈ అబ్బాయి మీద హక్కేమీ లేదు. విన్నారుగా? ఇక లేరా వెధవా, నా పంట్లాం తడుస్తోంది."

అందరూ నవ్వారు. నవ్వాలని ఉండి నవ్వారు.

ఒట్టు సంగతి ముసలామే తేల్చింది. "పదిమంది బీదలకి కడుపునిండా పెట్టు, నీ ఒట్టు తీసి గట్టున పెట్టొచ్చు. మీ మగాళ్ళ నోళ్ళకి కట్టాల్సింది మాత్రం వేరే ఉంది," అంది కొడుకుతో. సకర్ వానలో పరిగెత్తి శనగ వడలు కుక్కిన ఫలాఫెల్ రొట్టెలు పది కట్టించుకొచ్చాడు. షాబాన్‌కి, ఎదురు దుకాణం కూలీలకి, వీధి ఊడ్చేవాళ్ళకి పంచాడు. ఒకటి మిగిలింది. ఆ వానలో ఇంకో బీదవాడు దొరకలేదు.

"నువ్వు తీసుకో నాయనా," అంది ముసలామె ఔనీతో.

ఔనీకి తిక్కరేగింది. "నేనా బీదవాణ్ణి! సొంత ఇల్లుంది నాకు, రెండు గదులు, పైన నీళ్ళ ట్యాంకు!"

"ఉన్నవాడివైతే వానలో గొడుగు లేకుండా ఎందుకొచ్చావు?" అన్నాడు హాజీ ఖలఫ్. మళ్ళీ నవ్వులు. ఔనీ రొట్టె లాక్కుని కోటు జేబులో కుక్కుకున్నాడు. "పనయ్యాక తింటాలే. పోండి, పోండి."

పై వరసలోని నాలుగూ దింపాడు. ఒక్కొక్కటే ఎక్కించాడు, గాలి కొట్టాడు, తిప్పి చూసి, తూకం సరిపోయేలా సీసం బిళ్ళలు అతికించాడు. చివరి చక్రం దగ్గర బోల్టు దాని రంధ్రంలోకి పోలేదు. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ జారింది. చెయ్యి తనది కానట్టు దాని వంక చూశాడు. మూడోసారికి పోయింది. అన్నీ బిగించి, ఒక్కోదాన్నీ మళ్ళీ బిగించాడు.

"మొదట్లో నెమ్మదిగా పోనియ్యి. కొత్త రబ్బరు మీద మైనం ఉంటుంది, అది పోయేదాకా జారుతుంది. ఖత్రానాలో ఆగు. ఆగకపోయావో..." ఒట్టు నోటిదాకా వచ్చి ఆగింది. "ఆగు, అంతే."

ముసలామె కిటికీలోంచి చెయ్యి చాపి అతని జారిన భుజం తట్టింది. కారు చప్పుడు చెయ్యకుండానే వెళ్ళిపోయింది.

"ఆసుపత్రికి పోదాం పదన్నా," అన్నాడు షాబాన్. "కళ్ళు ఎర్రగా ఉన్నాయి."

"ఆసుపత్రికి పోతే నా భార్యకి త..." అని ఆగాడు ఔనీ. "వద్దులే. ఇవాళ్టికి ఒట్లు చాలు. కాస్త కన్ను మూస్తే అదే పోతుంది."

పొయ్యి పక్కన, ఏదో పాత కారు నుంచి ఊడదీసిన సీటొకటి ఉంది. అందులో కూర్చుని కాళ్ళు చాపుకున్నాడు. తల ఓ పక్కకి వాల్చాడు. కొంచెంసేపు గట్టిగా గురక పెట్టాడు. హాజీ ఖలఫ్ విసుక్కుంటూనే లేచి, తన దుప్పటి తెచ్చి అతని మోకాళ్ళ మీద కప్పాడు. తరవాత గురక తగ్గింది. వాన హోరులో అది ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు.

మధ్యాహ్నం దాటి, అసర్ నమాజు పిలుపు అయ్యాక హాజీ ఫోను మోగింది. సకర్ గొంతు.

"హాజీ, ఖత్రానాలో చార్జి పెట్టుకుని బయల్దేరామా, అవతల రోడ్డు మీద బురదనీళ్ళు పారుతున్నాయి. మా ముందున్న కారు గిర్రున తిరిగి గోతిలో పడింది. దేవుడి దయ, అందులోవాళ్ళు బతికారు. మాది మేకు దిగ్గొట్టినట్టు నిలబడింది హాజీ! అమ్మ బాబాయ్‌తో మాట్లాడాలంటోంది. ఒక్కసారి ఇవ్వు."

హాజీ నవ్వుకుంటూ సీటు దగ్గరికొచ్చాడు. "లే ఔనీ. నిన్ను కొట్టినవాడు నీకు సలాములు పంపుతున్నాడు. లే." భుజం కుదిపాడు. జారిన భుజం ఇంకా జారింది. హాజీ అతని చెయ్యి పట్టుకున్నాడు. ఎంతసేపటినుంచో పొయ్యి పక్కనే ఉన్నా ఆ చెయ్యి చల్లగా ఉంది.

ఫోన్లో ముసలామె మాట్లాడుతూనే ఉంది. "నాయనా, అబూ గస్సాన్, వింటున్నావా? నీ చేతులు పదిలంగా ఉండాలి. నీ ఇల్లు నిండుగా ఉండాలి. పిల్ల పుట్టగానే మొదట నీకే చెబుతాం. వింటున్నావా నాయనా?"

హాజీ ఆ చెయ్యి దుప్పటి కింద పెట్టాడు. జరిగింది ఇప్పుడే చెబితే తడి రోడ్డు మీద ఆ కుర్రాడి చేతులేమవుతాయో ఆయనకి తెలుసు. ఆ తరవాత వచ్చే పోలీసులూ పెద్దలూ ఎలాగూ వస్తారు. వదిలేశానని ఔనీ అన్న మాట విన్నవాళ్ళలో తనూ ఒకడని, అది ఎక్కడైనా నిలబడి చెప్పాలని మాత్రం అనుకున్నాడు. షాబాన్ వైపు చూసి, నోటి మీద వేలు పెట్టాడు.

"నిద్రపోతున్నాడమ్మా," అన్నాడు. "లేచాక చెబుతాను. అబ్బాయిని నెమ్మదిగా పోనిమ్మను. మీరు ముందు చేరండి."

ఫోను పెట్టేసి దుప్పటి సర్దబోయాడు. కోటు జేబులోంచి కాగితం పొట్లం సగం బయటికొచ్చి ఉంది. నూనె కాగితమంతా పాకింది. మడత విప్పలేదు.