టేబుల్‌కి ఇవతలి కుర్చీ

నేను ఒక టేకు కుర్చీని. జైల్లో ఖైదీల చేతుల మీద పుట్టి యూనివర్సిటీకి వచ్చాను. చేసినవాడికి శిక్ష తీరింది, నాకు మొదలైంది.

నాకు జంటగా వచ్చినదాన్ని ఒక వీడ్కోలు సభలో విరగ్గొట్టి టీ పొయ్యిలో పెట్టారు. అప్పటినుంచి మనుషుల గురించి నా నోట మంచి మాట రాదు. పరంజ్యోతి మాస్టారి గురించి తప్ప.

అడ్మిషన్లలో చిక్కుపడ్డ పిల్లలకు దారి చెప్పడం ఆయన పని. గదిలో టేబుల్‌కి అవతల ఆయన, ఇవతల నేను. మూడో కుర్చీ ఇస్తామంటే వద్దన్నారు.

ఒక జూలైలో మడివి ఉంగి వచ్చింది. ఛత్తీస్‌గఢ్ గొడవలకు జడిసి గోదావరి తీరానికి వలస వచ్చిన గుత్తికోయల పిల్ల. ఎస్టీ కోటాలో సీటు వచ్చింది. కులం సర్టిఫికెట్ లేదు. మీది ఈ రాష్ట్రం కాదన్నాడు ఇక్కడి తహసీల్దారు. అక్కడ వాళ్ళ ఊరే కాలిపోయింది. సర్టిఫికెట్ చూపకపోతే సాయంత్రానికి సీటు రద్దు.

"కూర్చో తల్లీ."

"నిలబడతా సార్. అలవాటే."

"తలెత్తి చూస్తే నాకు మెడ నొప్పి. కూర్చో."

కూర్చుంది. అంచు మీద, పిచ్చుకలా.

మాస్టారు మార్కులు చూశారు. "కోటా వదిలెయ్. నీకు ఓపెన్‌లోనే వస్తుంది."

"అంటే నేను కోయదాన్ని కాదని రాయాలా?"

"ఎందుకు రాస్తావు? నువ్వు కోయదానివి కావడానికి వాళ్ళ ముద్రెందుకు? వాళ్ళనేమీ అడగొద్దంటున్నా, అంతే."

ఉంగి వెనక్కి జరిగి నాకు పూర్తిగా ఆనుకుంది. "సరే సార్."

అప్పుడే సెక్షన్ సూపరింటెండెంట్ రద్దు జాబితా పట్టుకుని వచ్చాడు. పిల్ల లేవబోయింది. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఈ అమ్మాయిని ఓపెన్‌లోకి మార్చండి. మార్కులున్నాయి."

"అలాగే గానీ, నేనెక్కడ కూర్చోను మాస్టారూ?"

"నిలబడండి. చిన్న పనేగా."

సూపరింటెండెంట్ నిలబడే జాబితా తిప్పాడు. నిలబడే ఒకచోట పేరు కొట్టి, ఇంకోచోట రాశాడు. అంత గొప్ప దృశ్యం నా బతుకులో చూడలేదు.

కొన్నేళ్ళకు మాస్టారు రిటైరయ్యారు. ఆయన గదిలోకి సోఫా వచ్చింది, దాని మీదికి పెద్దమనుషులు వచ్చారు. పిల్లలు మళ్ళీ నిలబడ్డారు. నేను కాలు విరిగి పాత సామాన్ల కొట్టులో పడ్డాను.

మొన్న అటెండర్ తలుపు తీశాడు.

"ఆ గదికి కొత్తగా వచ్చిన ఉంగి మేడం సోఫా తీయించేసింది. కుర్చీ కావాలంట," అన్నాడు వెంట వచ్చినవాడితో. "ఎవరో పిల్ల నిలబడి ఉంది, బేగిరా అని ఒకటే తొందర."

నన్ను ఎత్తి చూశాడు. మూడు కాళ్ళు. కింద పడేసి, పక్కదాన్ని భుజానికెత్తుకుని పరుగెత్తాడు.

కుర్చీ కోసం పరుగెత్తే మనుషుల్ని చాలామందిని చూశాను. ఇంకొకరికి వెయ్యడానికి పరుగెత్తడం ఇదే మొదలు.