ఏడో రకం సబ్బూ మారన్న గొర్రెలూ

యుద్ధం వచ్చిన మూడో ఏడు నిడుగల్లు సంతకు బట్టల సబ్బు రావడం ఆగిపోయింది. ఊళ్ళో చాలామందికి ఆ సంగతి తెలియనే లేదు. తెలిసింది గానుగ సంజీవప్ప భార్య హొన్నమ్మకు. నూనెలో నానిన మొగుడి పంచెలు ఉత్త చౌటిమన్నుకు లొంగేవి కావు.

అంతకు ముందు ఏడాది పావగడ సంతలో ఒక మనిషి పొయ్యి వెలిగించకుండానే సబ్బు చేసి చూపించాడు. హొన్నమ్మ ముందు వరసలో కూర్చుని చివరిదాకా కళ్ళార్పకుండా చూసింది. అతను వాడిన సోడా ఇప్పుడు ఎక్కడా దొరకదు. అందుకని ఆమె చౌటిమన్నూ సున్నమూ నీళ్ళలో కలిపి, తేరిన నీటిని గుడ్డలో వడగట్టింది. అందులో వేసిన కోడిగుడ్డు మునగకుండా నెత్తి బయటపెట్టి తేలితే ఆ నీళ్ళకు పదును వచ్చినట్టు. వాటిని నూనెలో పోసి, అంబలి చిక్కదనం వచ్చేదాకా కట్టెతో తిప్పి, రేకు తట్టల్లో ఆరబెట్టాలి. ముక్కలు కోశాక నెల రోజులు ముట్టుకోకూడదు.

మొదటి రకం ఆముదంతో చేసింది. అది నెల గడిచినా పెరుగులాగే ఉండిపోయింది. గొర్రె కొవ్వుతో చేసిన రెండోదాన్ని కుక్కలు తినేశాయి. మూడోది చూడటానికి చక్కగా ఉంది గానీ, సంజీవప్ప మోచేతుల దాకా రుద్దుకుంటే సాయంత్రానికి చర్మం పొరలు పొరలుగా లేచింది. ఆ తర్వాత మూడు రకాలు ఎలా వచ్చాయో అతను చూడనే లేదు.

ఏడో రకంలో హొన్నమ్మ కానుగ నూనె, ఆముదం, వేరుశనగ బుడ్డల నూనె మూడూ కలిపి, పిడికెడు మరువం నూరి వేసింది. కలుపుతున్నప్పుడే ఆమెకు నమ్మకం కుదిరింది. ఆ నమ్మకం కొద్దీ నూటెనభై ముక్కలు కోసింది. నెల తిరిగాక ఒక ముక్క పట్టుకుని మొగుడి దగ్గరికి వెళ్ళింది.

"ఇంగ నా మీద రుద్దొద్దు" అన్నాడు సంజీవప్ప, చేతులు వెనక దాచుకుని. "నాకుండేది ఒకటే తోలు."

పక్కింటి మారన్నకు నూట అరవై గొర్రెలు. వాటిని నడిపించే పొట్టేలు పేరు సుబేదారు. హొన్నమ్మ దొడ్డి దగ్గరికి పోయి అడిగింది.

"మారన్నా, మీ సుబేదారుకు తానం చేయిస్తా. ఒక పూట ఇయ్యి."

"గొర్రెకు తానమేందక్కా?"

"మా ఇంటాయన ఒప్పుకోలేదప్పా. అందుకే."

మారన్నకు అది సరైన కారణంగానే తోచింది. వంక నీళ్ళలో నిలబెట్టి సబ్బుతో రుద్దితే, పుట్టినప్పటి నుంచీ బూడిదరంగు అనుకున్న పొట్టేలు తెల్లగా బయటపడింది. చర్మానికి ఏమీ కాలేదు. హొన్నమ్మ ఆనందానికి హద్దు లేదు.

సుబేదారు మాత్రం మందలోకి పోలేకపోయింది. మరువం వాసన తగలగానే గొర్రెలు బెదిరి రాళ్ళకట్ట ఎక్కాయి. నిన్నటిదాకా దాని వెనక నడిచిన పొట్టేళ్ళు కొమ్ములు వంచి మీదికొచ్చాయి. నడిపించేది లేక మంద రెండు రోజులు దొడ్డి దాటలేదు. పేడ పూసినా, బురదలో దొర్లించినా వాసన పోలేదు.

"నా పొట్టేలి వాసన నాకు ఇచ్చెయ్ అక్కా" అని మారన్న ఏడ్చినంత పని చేశాడు.

విషయం ఊరిపెద్ద పటేలు బోరన్న దగ్గరికి వెళ్ళింది. ఆయన పొట్టేలిని వాసన చూశాడు, మందను వాసన చూశాడు, చాలాసేపు ఆలోచించాడు.

"ఈ ఒకదాన్ని వాటి మాదిరి చేసేకి కాదు. ఆ నూట యాభై తొమ్మిదిటినీ దీని మాదిరి చేసేయండి."

ఊరంతా వంకలో దిగింది. రెండు రోజులకు మంద మొత్తం తెల్లబడింది. సుబేదారును చేర్చుకున్నాయి. అయితే ఇప్పుడు గొర్రెలకు మారన్నే పరాయివాడయ్యాడు. అతను దగ్గరికొస్తే గుంపుగా అటు జరిగేవి. గత్యంతరం లేక అతనూ ఆ సబ్బుతో నీళ్ళు పోసుకున్నాడు. వెంటనే అన్నీ వచ్చి అతని చేతులు నాకాయి. ఇంటికి పోతే భార్య ఈరక్క గడప దగ్గరే ఆపి, "ఎవురు కావల్లప్పా?" అని అడిగింది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమె అతన్ని చూడకుండానే, గాలిని బట్టి గుర్తుపట్టేది.

తీర్పు చెప్పినందుకు బోరన్న ఒక ముక్క తీసుకున్నాడు. వారం తర్వాత ఆయనకు పావగడ తాలూకా కచేరీలో పని పడింది. తెల్లవారగానే ఆ సబ్బుతో రెండుసార్లు రుద్దుకుని, జరీ రుమాలు చుట్టి బయలుదేరాడు. దారి పక్కన మేస్తున్న మంద తలలెత్తింది. వారం కిందట పోసుకున్న మారన్న వాసన కంటే అప్పుడే పోసుకున్న పటేలు వాసన గట్టిది. నూట అరవై గొర్రెలూ ఆయన వెనక నడిచాయి.

బోరన్న గదమాయించాడు, కర్ర ఝళిపించాడు, చివరికి పరుగెత్తాడు. అవీ పరుగెత్తాయి. వాటి వెనక కేకలేస్తూ మారన్న. అతని వెనక హొన్నమ్మ. తన సబ్బు ఇంకా ఏమేం చేస్తుందో తానే చూడాలని, మిగిలిన ఆఖరి ముక్కను కొంగున కట్టుకుని మరీ వచ్చింది.

ఆ రోజు యుద్ధ నిధికి విరాళాలు పోగుచేయడానికి లక్ష్మీనరసింహ అనే అధికారి తుమకూరు నుంచి వచ్చి కచేరీ ముందు పందిట్లో కూర్చున్నాడు. పొద్దుటి నుంచీ ఎవరూ రాలేదు. జరీ రుమాలు కట్టిన పెద్దమనిషి నూట అరవై తెల్లని గొర్రెలతో రొప్పుతూ రావడం చూసి, మందంతా విరాళమే అనుకుని ఆయన లేచి నిలబడ్డాడు. బోరన్న నోరు తెరిచేలోపల మెడలో దండ పడింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య బోరన్న నిజం చెప్పకుండా దండ సర్దుకుని చేతులు జోడించాడు.

"అవి నావి సామీ!" అన్నాడు మారన్న, గుంపును తోసుకుంటూ వచ్చి.

"నీవైతే ఆయన వెంట ఎందుకొచ్చాయి?"

"ఆయప్ప వెంట రాలేదు సామీ, సబ్బు వెంట వచ్చినాయి."

లక్ష్మీనరసింహ చాలా సంవత్సరాలుగా సర్కారు పనిలో ఉన్నాడు గానీ, ఇలాంటి జవాబు ఎప్పుడూ వినలేదు. హొన్నమ్మ ముందుకొచ్చి కొంగు ముడి విప్పింది.

"ఈ సబ్బు నేనే చేసినా సామీ. దీంతో పోసుకునేవాళ్ళ వెంట గొర్రెలు పోతాయి."

"నేనే పోసుకుంటా, ఇట్టా తే" అని మారన్న చెయ్యి చాచాడు.

"నువ్వు పోసుకుంటే నీ మందే కదా, నీ వెంట వచ్చె అంటారు" అంది హొన్నమ్మ. "ఈ సామే పోసుకోవల్ల."

మంచి సబ్బు చూసి లక్ష్మీనరసింహకు చాలా నెలలయింది. ఆయన పెద్దగా కాదనలేదు. కచేరీ వెనక తడక కట్టించుకుని, ఆరు బిందెల నీళ్ళతో తీరిగ్గా స్నానం చేసి, కోటు తొడుక్కుని బయటికొచ్చాడు. గొర్రెలు ఒక్కసారిగా బోరన్నను వదిలేశాయి. అధికారి కుడికి నడిస్తే కుడికి, ఎడమకు నడిస్తే ఎడమకు వచ్చాయి. ఆయన కుర్చీలో కూర్చుంటే చుట్టూ పడుకుని నెమరు వేశాయి.

"సరే, ఇవి విరాళం కావు" అని ఒప్పుకున్నాడు. కానీ లేచి బస్సు వైపు రెండడుగులు వేయగానే నూట అరవై గొర్రెలూ లేచాయి. ఆయన బస్సెక్కితే సుబేదారు మెట్టు మీద ముందుకాళ్ళు పెట్టింది. డ్రైవరు చేతులు జోడించి, "మీరు దిగితేగానీ బస్సు కదలదు సామీ" అన్నాడు.

వేరే దారి కనిపించలేదు. లక్ష్మీనరసింహ బూట్లు విప్పి చేత పట్టుకుని, మందను వెంటబెట్టుకుని నిడుగల్లుకు నడిచాడు. ఎదురైనవాళ్ళు దారి తప్పుకుని నమస్కారం పెట్టారు. ఆయన కూడా మామూలుగానే నమస్కరించాడు.

వాసన తగ్గేదాకా మూడు రోజులు మారన్న ఇంట్లోనే ఉండాల్సి వచ్చింది. పగలు మందతో కొండ దిగువకు పోయేవాడు. ఎండిన బుడ్డ చేలల్లో ఎక్కడ గడ్డి ఉందో, ఏ గొర్రె కుంటుతుందో మారన్న చెబితే శ్రద్ధగా విన్నాడు. రాగి ముద్దా ఊరుబిండి పచ్చడీ తిన్నాడు. రెండో రోజుకు నాలుక మడిచి గొర్రెలను పిలవడం వచ్చింది. తన ఇంట్లో కూడా అంత హాయిగా ఎప్పుడూ నిద్ర పట్టలేదని ఈరక్కతో చెప్పాడు.

నాలుగో రోజు మందకు ఆయన మీద ఆసక్తి పోయింది. మేస్తూ తలెత్తి కూడా చూడలేదు. అది గమనించి ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. వెళ్ళేముందు గానుగ దగ్గరికి వచ్చి, కాగితం పెన్సిలు తీసి, "ఎట్లా చేస్తావమ్మా?" అని అడిగాడు.

ఏడు రకాలు చేసినా ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. హొన్నమ్మ చేతులు తుడుచుకుని, నేల మీద కూర్చుని, చౌటిమన్ను ఎక్కడ తవ్వాలన్న దగ్గర నుంచి మొదలుపెట్టింది. సంజీవప్ప గానుగ ఎద్దును ఆపి, దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆమె గుడ్డు తేలడం గురించి చెబుతుంటే మధ్యలో అడిగాడు:

"గుడ్డు పచ్చిదా, ఉడకబెట్టిందా?"

"పచ్చిదే" అంది హొన్నమ్మ, అతని వైపు తిరిగి. "కూచో, మొదటి నుంచి చెప్తా."