ముర్రుపాల వాటా

పొదుగు పిండీ పిండీ మార్లా వేళ్లు కొంకర్లు పోయాయి. నాలుగు చన్నులూ కలిపి గరిటెడు పాలు కూడా రాలేదు. గడ్డి మీద కోడెదూడ వణుకుతోంది. పుట్టి గంటన్నర అయింది. మరో మూడు నాలుగు గంటల్లో కడుపులో ముర్రుపాలు పడకపోతే అది రోగాలకు తట్టుకోలేదు.

నిజానికి ఆ దూడ ఆ ఆవుది కాదు. పేరున్న జాతి ఆవు పిండాన్ని తెప్పించి దీని కడుపులో పెట్టించాడు యజమాని వెండెల్. పిండాలకు వేలు పోసిన మనిషి, వాటిని మోసే తల్లుల్ని మాత్రం సంతలో ఎవరూ కొననివి ఏరుకొచ్చాడు. ఈ ఆవు పొదుగు గట్టిపడి ఉందని మార్లా ఆనాడే చెప్పింది. ముర్రుపాల పొడి నిండుకుందని కూడా రెండుసార్లు చెప్పింది. చూద్దాంలే అన్నాడు మహానుభావుడు. ఇప్పుడు మంచు పడి నెబ్రాస్కా దారులన్నీ మూసుకుపోయాయి.

కొట్టంలోనే పక్క గదిలో మార్లా సొంత ఆవు అరగంట కిందటే ఈనింది. తొలిచూలు. జీతం తక్కువిచ్చేచోట పనివాళ్లు తమ పశువుల్ని యజమాని మేతలో మేపుకోవడం అక్కడి ఆనవాయితీ. మార్లాకు ఉన్నవి రెండే. పెయ్యదూడ ఇంకా తప్పటడుగులు వేస్తోంది, పాలకు మూతి పెట్టలేదు.

వెండెల్ వచ్చి చూశాడు. కోడెదూడను మార్లా ఆవుకు అలవాటు చెయ్యమనీ, పెయ్యకు మామూలు పాలపొడి కలిపి పట్టమనీ చెప్పాడు. నిరుడూ ఇదే జరిగింది. అయిదో రోజున మార్లా దూడ పారుడు పట్టి చచ్చిపోయింది.

"ఇది పన్నెండు వేల డాలర్ల దూడ. నీది మహా అయితే వెయ్యి. అదేదో నేనిస్తాలే," అన్నాడు.

"నిరుడూ ఇస్తానన్నారు. ఇయ్యలేదు."

"నా ఇంట్లో ఉంటూ, నా గడ్డి మేపుకుంటూ నన్నే నిలదీస్తున్నావా?"

ఈ మంచులో ఇల్లు పోతే మార్లా ఎక్కడికి పోతుంది? అయినా గది తలుపుకు అడ్డంగా నిలబడింది.

"నా దూడను విడదియ్యను," అంది.

కోడెదూడ వంక చూసింది. పాపం, దాని తప్పేముంది. లోపలికెళ్లి రెండు చన్నులు పిండి, సీసా నింపి తెచ్చింది. మిగతా రెండూ పెయ్యకు వదిలేసింది.

"సగం ఇచ్చాను. మీరే పట్టండి."

"నువ్వు పట్టు."

"నా దూడ చన్ను పట్టాలి ముందు."

మామగారి ఆస్తితో పశువులవాడైన వెండెల్ ఎన్నడూ గడ్డిలో మోకాళ్లూనలేదు. ఎల్లుండికల్లా ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. మార్లా లోపలికెళ్లి పెయ్య మూతిని చన్ను దగ్గరికి చేర్చింది. కోడెదూడ పక్కన పెట్టిన సీసా చల్లారిపోతోంది.

కాసేపటికి వెనకనుంచి వెండెల్ గొంతు వినిపించింది. "ఇది నోరు తెరవట్లేదు, మార్లా."

"వేలు పెట్టండి. చీకుతుంది," అంది మార్లా. వెనక్కి తిరగలేదు.